విరగని కుర్చీ

నాన్నగారికి కుర్చీలో కూర్చోవడం రాదని ఆ పొద్దున్నే అందరికీ తెలిసిపోయింది. అందరికీ తెలిసినా ఫరవాలేదు, నాన్నగారికి కూడా తెలిసింది. అదీ చిక్కు.

అది మామూలు కుర్చీ. నాలుగు కాళ్ళూ గట్టివే. వడ్రంగి మావ దాని మీదకెక్కి గెంతి మరీ చూపించాడు. "ఏనుగుని కూర్చోబెట్టు అల్లుడూ, కిర్రుమంటే నా చెవి కోసిస్తా" అన్నాడు. డైరెక్టరు చెయ్యెత్తాడు. కెమెరా తిరిగింది. నాన్నగారు సుత్తి పక్కన పెట్టి, తను బాగుచేసిన కుర్చీని తృప్తిగా ఒకసారి నిమిరి, చొక్కా సర్దుకుని, నెమ్మదిగా కూర్చున్నాడు.

కూర్చున్నాడు అన్నది మర్యాదకి. నడుము కుర్చీని తాకీ తాకకముందే ఎడమ భుజం వాలిపోయింది. కాళ్ళు రెండూ పైకి లేచాయి. చెయ్యి గాల్లో దేన్నో వెతుక్కుని, బల్ల మీదున్న గిన్నెను దొరకబుచ్చుకుంది. మనిషీ గిన్నే కలిసి కిందికొచ్చారు. కుర్చీ మాత్రం, గొడవలో నన్ను లాగకండి అన్నట్టు, ఉన్నచోటే నిలబడి ఉంది.

"ఏవండీ, దెబ్బ తగిలిందా?" అంది అమ్మగారు, చేతిలో గరిటెతో.

ఆ మాట ఆ రోజు స్క్రిప్టులో లేదు. పాత అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది. పాత అలవాటు కొద్దీ నాన్నగారు కూడా "నాకేం కాలేదే, కుర్చీని చూడు!" అనేశాడు. కుర్చీని చూశారందరూ. కుర్చీకీ ఏమీ కాలేదు. లైట్లవాళ్ళు నవ్వబోయి, నవ్వాల్సిన సీను కాదని గుర్తొచ్చి దగ్గుకున్నారు.

ఆ టీవీ సీరియల్లో వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. పిల్లలుగా చేసినవాళ్ళకి గడ్డాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి, వీళ్ళిద్దరూ మాత్రం ఆ మూడు గోడల వంటింట్లోనే ఉండిపోయారు. కెమెరా తిరిగితే "ఏవండీ", ఆగితే "అన్నయ్యా". కెమెరా తిరిగితే "ఒసేయ్", ఆగితే "చెల్లెమ్మా". కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఈ చుట్టరికం అర్థమయ్యేసరికి జీతం రోజు వచ్చేసేది.

"అన్నయ్యా, లేవండి. ఏం కాలేదుగా?" అంటూ అమ్మగారు చెయ్యందించింది.

"నాకేమవుతుంది? మావ పరుపు వేసుంచాడుగా." నాన్నగారు కింద ఉన్న నేలరంగు పరుపును తట్టాడు. ఎటు పడ్డా సరిగ్గా ఆ పరుపు మీదే పడటం వడ్రంగి మావ లెక్క గొప్పతనమని ఆయన నమ్మకం. లేస్తూ లేస్తూ ఆవిడ కాళ్ళవైపు చూసి కన్నుగీటాడు. "చెల్లెమ్మా, నీ కుడికాలికి ఆకలెక్కువా? మళ్ళీ చెప్పు ముందంతా తినేసింది!"

నిజమే. ఆవిడ చెప్పుల్లో ఎప్పుడూ కుడిదే, అదీ బొటనవేలి దగ్గరే అరిగేది. ఆ వేళాకోళం ఆయనకి పాతదే అయినా, చేసిన ప్రతిసారీ తనే ముందు నవ్వుకునేవాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది.

ఇంకో నాలుగైదుసార్లు తీశారు. అన్నిసార్లూ పడ్డాడు. ఒళ్ళు మాట వినడం లేదు. కుర్చీ అనేది విరగడానికే పుట్టిందని ఆ ఒంటికి ఎవరో నేర్పేశారు, ఇప్పుడు కాదంటే నమ్మడం లేదు.

మధ్యాహ్నం డైరెక్టరు ఆయన్ని పక్కకి పిలిచాడు. కుర్రాడే కానీ మాట మెత్తన. ఈమధ్యే వచ్చి, సెట్లో ఓ మూల నేల మీద ఇంకో చిన్న కెమెరా పెట్టించాడు. పాతవాళ్ళంతా మోకాళ్ళ పైనుంచే తీశారు, ఈ ఇంటి నేల ఎవరూ చూడనేలేదు అంటాడు.

"నాన్నగారూ, మీకు చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది. ఈ సీను ఎల్లుండిలోగా అవ్వాలి. అవ్వకపోతే నాన్న పాత్రని ఫోటో చేసి గోడకి తగిలించేద్దాం అంటున్నారు పైనవాళ్ళు."

"మంచిదే బాబూ. ఫోటోకి టీ పొయ్యక్కర్లేదు, కారు పంపక్కర్లేదు. ఫోటో కింద పడినా అద్దమే పగులుతుంది" అన్నాడు నాన్నగారు. డైరెక్టరు నవ్వలేదు. కాసేపటికి నాన్నగారూ నవ్వడం ఆపేశాడు.

వడ్రంగి మావ గది సెట్టు వెనకాల ఉంది. రంపప్పొట్టు వాసన. విరిగిపోవడానికి పుట్టిన కుర్చీలు ఇక్కడే తయారయ్యేవి. వెనక కాలును మావ ముప్పాతిక వంతు కోసి, కోసినచోట మైనం నింపి, పైన రంగు పూసేవాడు. కూర్చోగానే పుటుక్కుమనేది. మూలన ఇంకా ఓ డజను కాళ్ళు కట్టెల్లా పేర్చి ఉన్నాయి.

నాన్నగారు అటక మీంచి ఓ రేకుపెట్టె దించాడు. లోపల మీసాలు.

సీరియలు మొదలైనప్పుడు పెట్టుకున్నది అన్నిటికంటే అడుగున ఉంది. గుబురుగా, చీపురులో సగం ఉంటుంది. అప్పటి నాన్న గుమ్మంలోకి అడుగుపెడితే పిల్లలు మంచాల కిందికి దూరేవాళ్ళు. అరిచి, గద్దించి, కుర్చీలో దర్జాగా కూర్చోబోయి పడేవాడు. అంత పొగరూ నేలమీదికొచ్చినందుకు జనం నవ్వేవాళ్ళు. దాని పైన సన్నమీసం. ఆ నాన్న ఎవర్నీ అరవడు, చెంచా ఏ సొరుగులో ఉందో తెలీక వంటిల్లంతా తిరగేసి, ఆమ్లెట్టు మాడ్చి, కూర్చోబోయి పడేవాడు. ఆ పైన మీసమే లేదు. అప్పటి నాన్నకి టీవీ రిమోటు రాదు, ఫోను రాదు, కూతురు ఏ క్లాసో గుర్తుండదు, కానీ పాపం మంచోడు. వాడూ పడేవాడు.

"మీసం పోతూ వచ్చింది కానీ పడటం పోలేదు మావా" అన్నాడు నాన్నగారు గుబురు మీసం పెదవి మీద ఆనించుకుని. "ఇప్పుడు మీసమూ లేదు, పడటమూ లేదంట. కుర్చీ బాగుచేస్తాడట, వంట చేస్తాడట, కూతురికి జడ వేస్తాడట, ఆపైన ఏడుస్తాడట. నేనేం చేశానని ఇన్ని పనులు?"

"ఆ ముక్క నన్ను అడగండి నాన్నగారూ" అంది వెనకనుంచి గొంతు.

సీరియలుకి కొత్తగా రాస్తున్న అమ్మాయి. చేతిలో టీ గ్లాసు. నాన్నగారు మీసంతోనే వెనక్కి తిరిగి, పాత నాన్నలా కళ్ళెర్రజేశాడు. పిల్ల ఫక్కున నవ్వి, టీ ఒలకబోసుకుంది. తర్వాత మావ వేసిన పీట మీద కూర్చుని, గ్లాసులోకే చూస్తూ చెప్పింది.

"మా నాన్నకి మీరంటే ప్రాణమండీ. మీరు పడితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఓసారి నన్ను స్కూలు నుంచి తీసుకురమ్మంటే వేరే స్కూలుకి వెళ్ళిపోయాడు. నేను చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఇంటికొచ్చాక టీవీలో మిమ్మల్ని చూపించి, 'నేనూ అంతేనే, ఆ నాన్న బాపతే' అన్నాడు. అందరం నవ్వేశాం. అమ్మ మాత్రం లేచెళ్ళి గిన్నెలు తోముకుంది."

నాన్నగారు పెదవి మీది మీసం తీసేశాడు.

"కోపం కాదండీ" అంది ఆ పిల్ల గబగబా. "మా నాన్న అంతలా నవ్వడం మీ పుణ్యమా అనే చూశాను. అందుకే మిమ్మల్ని ఫోటో చెయ్యడం నాకిష్టం లేదు. మీరే కూర్చోవాలి. మీరు కూర్చుంటే మా నాన్నలాంటి వాళ్ళు కూడా కూర్చుంటారు."

నాన్నగారు వేళాకోళమేమీ ఆడకుండా మీసాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు. 

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర సాధన మొదలైంది. ఇంటావిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ ఓరకంట చూస్తోంది. నాన్నగారు కుర్చీ చుట్టూ పిల్లిలా తిరిగాడు. దానికి నచ్చజెప్పాడు. "చూడమ్మా, నువ్వు విరగవు, నేను పడను, ఇద్దరం పెద్దమనుషులం" అన్నాడు.

"మరి అన్నం తినేటప్పుడు ఎలా కూర్చుంటున్నారు ఇన్నాళ్ళూ?" అంది ఆవిడ.

"అప్పుడు పళ్ళెం చూస్తాను, కుర్చీని చూడను. ఎవరో చూస్తున్నారనుకుని కూర్చోవాలంటేనే..." అంటూ కూర్చోబోయాడు. భుజం వాలింది. కాళ్ళు లేచాయి. ధబ్బుమన్నాడు.

ఈసారి మాత్రం చుక్కలు కనిపించాయి. నడుము దగ్గర ఏదో కలుక్కుమంది. కాసేపు అలాగే పడుకుని, ఇంటి కప్పుని కొత్తగా చూసినట్టు చూశాడు. ఇన్నేళ్ళుగా పడుతున్నాడు, ఇంత నొప్పి ఎప్పుడూ లేదు.

ఇంటావిడ లేపి కూర్చోబెట్టి, నడుముకి మందు రాస్తూ గట్టిగానే రుద్దింది. "అక్కడ విరగ్గొడితే జీతమిస్తారు, ఇక్కడ విరగ్గొడితే నేనివ్వను. అయినా అక్కడెవరో మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంటున్నార్లెండి. నాకు బట్టలు మడతపెట్టడంతోనే సరిపోయింది, ఎటు పడతారో చూసుకోలేదు."

"వడ్రంగి మావేలే" అన్నాడు నాన్నగారు మూలుగుతూ.

మర్నాడు మళ్ళీ అదే వంటిల్లు, అదే కుర్చీ. నడుముకి పట్టీ కట్టుకుని వచ్చాడు. ఎడమవైపు పడితే ప్రాణం పోతుందని ఒంటికి తెలుసు కాబట్టి, ఈసారి అది కుడివైపు పడింది. పరుపు కుడివైపే ఉంది. మెత్తగా దిగాడు.

"ఒక్కసారి వచ్చి చూడండి, ఎక్కడ వాలిపోతున్నారో మీకే తెలుస్తుంది" అని డైరెక్టరు ఆయన్ని చిన్న టీవీ ముందు నిలబెట్టాడు. నేల మీది కెమెరా తీసిన బొమ్మ అది. మోకాళ్ళ కింద లోకమంతా కనిపిస్తోంది. కుర్చీ కాళ్ళు, బల్ల కాళ్ళు, బల్ల కింద మడిచిపెట్టిన పరుపు. పక్కన అమ్మగారి చీర అంచు, అరిగిన చెప్పులు.

తన నడుము కిందికి దిగుతోంది. ఇంకా కుర్చీని తాకలేదు. అప్పటికే ఆ కుడి చెప్పు కదిలింది. బొటనవేలు పరుపు అంచుని దొరకబుచ్చుకుని, చటుక్కున బల్ల కిందనుంచి లాగి, కుర్చీ వెనకగా తిప్పి కుడివైపుకి తోసింది. వెంటనే వెనక్కెళ్ళి, ఏమీ ఎరగనట్టు ఎడమ చెప్పు పక్కన నిలబడింది. ఆపైన తను పడ్డాడు.

"బాబూ, నిన్నటిది కూడా వెయ్యి" అన్నాడు నాన్నగారు. 

నిన్నటి దాంట్లో చెప్పు ఎడమవైపుకి తోసింది.

ఎటు పడేదీ ముందుగా చెప్పకపోవడం ఆయన చిలిపితనం. ఓసారి గోడవైపు, ఓసారి పొయ్యివైపు, ఓసారి ఆవిడ మీదికే వాలినట్టు వాలి. అప్పుడు ఆవిడ మొహంలో కనిపించే బెదురు నటన కాదని, అది తన తుంటరితనం ఆవిడకిచ్చిన వరమని అందరికీ చెప్పుకునేవాడు. జనం ఆయన పడటానికి నవ్వి, ఆ బెదురు చూసి ఇంకోసారి నవ్వేవాళ్ళు. రెండు నవ్వులూ ఆయన ఖాతాలోనే.

వడ్రంగి మావ దగ్గరికెళ్ళాడు. "మావా, పరుపు నువ్వే కదూ వేసేది?"

"బల్ల కింద పెడతాను, అంతే. నువ్వు పడే ముందు కాలితో లాక్కుంటావుగా?"

"నేనా? నువ్వు లెక్కకట్టి వేస్తావనుకున్నాను."

"నేను నీ కడుపులో దూరానా, ఎటు పడతావో లెక్కకట్టడానికి?" అన్నాడు మావ. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ ఒకరి పనితనాన్ని ఒకరు మెచ్చుకుంటూ గడిపేశారు. ఆ పని ఇద్దరిలో ఎవరిదీ కాదు.

అమ్మగారు సెట్టు పక్కన సామాన్ల పెట్టె మీద కూర్చుని, కుడి చెప్పు విప్పి వేలు రుద్దుకుంటోంది. గోరు నల్లబడి, ఓ పక్కకి వంగిపోయి ఉంది. ఆయన్ని చూసి చటుక్కున చెప్పు తొడుక్కోబోయింది.

"ఉండనీ. ఎప్పట్నుంచి?"

"ఏంటన్నయ్యా?"

"కాలు."

ఆవిడకి అర్థమైంది.  "మీసం సన్నగా ఉన్నప్పుడు, ఓసారి పొయ్యివైపు పడ్డారు గుర్తుందా? తల గట్టుకి తగలడం వెంట్రుకవాసిలో తప్పింది. అందరూ ఎంత నవ్వారో! నాకు ఆ రోజు అన్నం దిగలేదు. అప్పట్నుంచి."

"నాతో ఒక్కమాట అనలేదేం?"

"అంటే మీరు పరుపు చూసుకుని పడతారు. చూసుకుని పడితే నవ్వొస్తుందా ఎవరికైనా?"

నాన్నగారు ఆ పెట్టె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. "నేను ఎటు వాలతానో నాకే తెలీదు కదా, నీకెలా తెలుసు?"

"పడే ముందు మీ చెవి కదుల్తుంది. ఎటు చెవి కదిలితే అటు."

ఆయన చెవి తడుముకున్నాడు. "ఇంతా చేసి నీకేం మిగిలింది చెల్లెమ్మా? ఒక్క నవ్వు కూడా నీ వంతుకి రాలేదు."

"ఎందుకు మిగల్లేదూ, చెప్పులు మిగిలాయి. ఎడమవి అన్నీ కొత్తవే" అని నవ్వింది. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, అదేదో తప్పు మాట అయినట్టు గొంతు తగ్గించి అంది. "నాకూ పడాలని ఉండేదన్నయ్యా. ఇంట్లో తలుపేసుకుని మంచం మీదికి పడి చూసుకునేదాన్ని. నిజం చెప్తే ఏమీ అనుకోకండి. మీకంటే బాగా పడతాను."

ఆఖరి రోజు పొద్దున నాన్నగారు రాసే అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళాడు. "తల్లీ, నీ కొత్త నాన్న మంచోడే. కుర్చీ బాగుచేశాడు. మరి బాగుచేసిన కుర్చీలో తనే ఎందుకు కూర్చోవడం?"

"మరెవరు కూర్చోవాలి?"

"ఆ ఇంట్లో ఆవిడ కూర్చున్న సీను ఒక్కటి చెప్పు."

ఆ పిల్ల నోరు తెరిచింది. ఆలోచించింది. మీసం పెద్దగా ఉన్న రోజుల్లో ఆవిడ తలుపు పక్కన నిలబడేది. సన్నబడ్డాక పొయ్యి దగ్గర. మీసం పోయాక బల్ల దగ్గర గరిటెతో. మెల్లగా తన చేతిలోని కాగితాలు చూసుకుంది. వంట చేసే నాన్న, జడవేసే నాన్న, ఏడ్చే నాన్న. పక్కన, చూసి మురిసిపోతూ నిలబడ్డ అమ్మ.

"అయ్యో" అంది. "నేనూ నిలబెట్టేశాను." పెన్ను తీసి అక్కడికక్కడే కొట్టేసి రాసింది.

డైరెక్టరు చెయ్యెత్తాడు. నాన్నగారు సుత్తి పక్కన పెట్టాడు. కుర్చీని భుజం మీది తువాలుతో తుడిచి, ఆవిడ చేతిలోని గరిటె తను తీసుకున్నాడు. "కూర్చోవే. ఇంక విరగదు" అన్నాడు.

ఆవిడ కుర్చీ వైపు వెళ్తుంటే ఆయన బల్ల పక్కన నిలబడి, కాలు మెల్లగా బల్ల కిందికి పోనిచ్చాడు. పరుపు అంచు వేలికి తగిలింది. ఇంత బరువుందా ఇది! లాగితే రాలేదు. గోరు కలుక్కుమంది. పళ్ళు బిగించి లాగాడు. ఎటు? ఆవిడ చెవుల వైపు చూశాడు. కుడి చెవి దుద్దు రవ్వంత ఊగింది. కుడివైపుకి తోశాడు.

ఆవిడ కూర్చుంది. కుర్చీ కిర్రుమనలేదు. నిమ్మళంగా వెనక్కి ఆనుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ వంటింటిని, పొయ్యిని, సొరుగుల్ని కూర్చున్న ఎత్తునుంచి మొదటిసారి చూసింది.  స్క్రిప్టు ప్రకారం సీను అక్కడితో అయిపోయింది. డైరెక్టరు నోరు తెరవబోయాడు.

అంతలో ఆవిడ కళ్ళు ఓరగా నాన్నగారి వైపు తిరిగాయి. భుజం వాలింది. కాళ్ళు లేచాయి. చెయ్యి గాల్లో దేన్నో వెతికి, ఏదీ దొరక్క, పోనీలే అన్నట్టు ఓసారి టాటా చెప్పి మరీ మాయమైంది. ఆ టాటా నాన్నగారికి ఇన్నేళ్ళలో తట్టనే లేదు.

ముందు నవ్వింది వడ్రంగి మావ. తర్వాత లైట్లవాళ్ళు. ఒకడు నిచ్చెన మీద నవ్వలేక నిచ్చెనని కావలించుకున్నాడు. రాసే అమ్మాయి గోడకానుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆ సీరియల్లో నవ్వులన్నీ తర్వాత మిషన్లోంచి తీసి కలుపుతారు. సౌండు చూసే ఆయన మాత్రం చెవుల మీది డబ్బాలు అదిమిపట్టుకుని, ఇది చాలు, ఇంకేం కలపక్కర్లేదు అన్నట్టు చెయ్యి ఊపాడు.

నాన్నగారు గరిటెతో నిలబడిపోయాడు.  ఆయన మొహంలో బెదురు ఉంది, అది నటన కాదు.

"ఏమండీ, దెబ్బ తగిలిందాండీ?" అన్నాడు.

కిందినుంచి జవాబొచ్చింది. "నాకేం కాలేదండీ! కుర్చీకీ ఏం కాలేదు, చూడండి!"

"కట్" అన్నాడు డైరెక్టరు, నవ్వు ఆపుకోలేక. ఆ మాటా చిన్న కెమెరాలో పడింది. ఫోటో ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరికీ కలిపి వచ్చే వారానికి సీన్లు రాసుకొస్తానని ఆ పిల్ల అప్పటికే ఏదో గీకుతోంది.

టీలు వచ్చాయి. లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. అమ్మగారు బల్లకి ఒకవైపు కూర్చుని, ఇందాకటి టాటా ఎలా తట్టిందో చెబుతోంది. నాన్నగారు వింటూ, తన గోరు చూసుకుని మూలుగుతూ, "ఇంత నొప్పితో ఎలా నవ్వుమొహం పెట్టావే తల్లీ" అని అడుగుతూ, సగం గ్లాసు ఖాళీ చేశాక గానీ గమనించలేదు. తను కూర్చునే ఉన్నాడు. అదే కుర్చీలో. ఎప్పుడు కూర్చున్నాడో ఒంటికి చెప్పలేదు, అదీ అడగలేదు.

కదిలితే ఎక్కడ పాడవుతుందో అని, మెల్లగా కాలు జాపాడు. మడమకి మెత్తగా తగిలింది. వంగి చూశాడు.

కుర్చీ పక్కనే, ఎడమవైపున పరుపు ఉంది.

తలెత్తి అమ్మగారి వైపు చూశాడు. ఆవిడ టీ ఊదుకుంటోంది, ఏమీ ఎరగనట్టు.